పంపు విప్పేముందు డీజిల్ చూడండి

తొలకరి పడింది. రేగడి చేలో దుక్కికి పదును వచ్చింది. కంది విత్తనం ఇంట్లో తయారుగా ఉంది. పొద్దుగాల లేచి ట్రాక్టర్ స్టార్ట్ చేస్తే అది రోజూలాగా ఒకే తీరుగా నడవడం లేదు. దడదడ కొట్టుకుంటోంది. ఒకసారి లేస్తుంది, ఒకసారి పడిపోతుంది. బానెట్ మీద చెయ్యి పెడితే చెయ్యి వణుకుతుంది. గొర్రు నేలకు దించగానే గట్టిగా పొగ వదిలి ఆగిపోతుంది. తాండూరు చుట్టుపక్కల పాత ట్రాక్టర్ ఉన్న రైతుకు ఈ అనుభవం ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ఉంటుంది.

అప్పుడు మనం ఏం చేస్తాం? మిస్త్రీకి కబురు పెడతాం. ఆయన వచ్చి చెవి పెట్టి వింటాడు. "పంపు ఖరాబైంది అన్నా, విప్పాలె" అంటాడు. లేదంటే "బండి ముసలిదైంది, ఇంజన్ దించాలె" అంటాడు. మనం తల ఊపుతాం. పంపు సంచిలో పడి పట్నం పోతుంది. అది తిరిగి వచ్చేసరికి పదును ఆరిపోతుంది. బిల్లు కట్టడానికి చేతిలో పైసలు ఉండవు గనుక ఆ నాలుగు వేలో, పది వేలో మిత్తికి తెస్తాం. ఇంతా చేసి బండి మళ్ళీ మిస్ కొడితే ఎవరిని అడగాలి?

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పాత ఇంజన్ మిస్ కొడుతున్నదంటే తప్పు ఖరీదైన భాగంలోనే ఉందని ముందే అనుకోకూడదు. ఖర్చు లేనివాటిని ముందు చూడాలి, ఖర్చున్న వాటిని చివర చూడాలి. ఈ వరుస తప్పినందువల్లనే చిన్న రైతు నష్టపోతున్నాడు. పాత బండిని ఉంచుకున్నందువల్ల కాదు.

నాకు ట్రాక్టర్ లేదు గదా అనకండి

ఐదెకరాలలోపు చిన్న రైతుల్లో, రెండున్నర ఎకరాలలోపు సన్నకారు రైతుల్లో ఎక్కువమందికి సొంత ట్రాక్టర్ ఉండదు. గంటల లెక్కన కిరాయికి పిలుస్తారు. అయినా ఈ సంగతి మీకూ కావలసిందే. మిస్ కొట్టే బండి మీ చేలో నడిస్తే గంటలో అయ్యే పని గంటన్నర పడుతుంది. ఆ అరగంట కిరాయి ఎవరు కడుతున్నారు? మీరే. కాబట్టి బండి చేలోకి దిగేముందు ఒక్క నిమిషం చప్పుడు వినండి. ఒకే తీరుగా మోగకుండా తడబడుతూ ఉంటే, గంట లెక్క వద్దు, ఎకరం లెక్క మాట్లాడుకుందాం అనండి. అన్నదమ్ములు ఇద్దరు ముగ్గురు కలిసి పాత ట్రాక్టర్ కొనేటప్పుడు కూడా ఈ తెలివిడి అక్కరకొస్తుంది. బోరింగు పని కావాలన్న భయంతో మంచి బండిని వదులుకోరు, రంగు చూసి చెడ్డ బండిని నెత్తిన పెట్టుకోరు.

ఇంజన్ అడిగేది మూడే

డీజిల్ ఇంజన్‌లో ప్లగ్గు ఉండదు, నిప్పురవ్వ ఉండదు. పిస్టన్ గాలిని గట్టిగా నొక్కితే ఆ గాలి కాలిపోయేంత వేడెక్కుతుంది. ఆ వేడిలోకి నాజిల్ డీజిల్‌ను పొగమంచులాగా చల్లుతుంది. అది మండి పిస్టన్‌ను తోస్తుంది. అంటే దానికి కావలసినవి మూడే: శుభ్రమైన గాలి, శుభ్రమైన డీజిల్, గట్టి నొక్కుడు. మూడు సిలిండర్ల బండి నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంటే ఒక్కో సిలిండర్ నిమిషానికి 750 సార్లు మండాలి. మూడింటిలో ఒకటి మండకపోతే మిగతా రెండూ దాన్ని ఈడ్చుకుంటూ పోవాలి. మనం వినే దడదడ అదే. కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి కుంటితే నాగలి సాలు తప్పినట్టే ఇదీ.

ఈ మూడింటిలో గట్టి నొక్కుడు పోవడానికి ఏళ్ళు పడుతుంది. నిన్న సాయంత్రం బాగా నడిచిన బండి ఇవాళ పొద్దున మిస్ కొడితే రింగులు రాత్రికి రాత్రి అరిగిపోలేదు గదా! ముందు చూడవలసింది డీజిల్, ఆ తర్వాత గాలి.

మూత, సీసా, డబ్బా

మొదట డీజిల్ ట్యాంకు మూత. డీజిల్ తగ్గుతున్న కొద్దీ ఆ చోటులోకి గాలి పోవడానికి మూతలో సన్నని రంధ్రం ఉంటుంది. మన దుమ్ముకు అది మూసుకుపోతుంది. అప్పుడు బండి స్టార్ట్ అయిన కొంతసేపు బాగానే నడిచి, తర్వాత డీజిల్ అందక తడబడుతుంది. మిస్ కొడుతున్నప్పుడే మూత వదులు చేయండి. 'స్స్' మని చప్పుడు వచ్చి, కాసేపట్లో ఇంజన్ సర్దుకుంటే మీ రిపేరు అయిపోయినట్టే. సన్నని తీగతో రంధ్రం శుభ్రం చేసుకోండి.

రెండోది సీసా. ట్యాంకు అడుగున, ఫిల్టర్ అడుగున ఉన్న డ్రెయిన్ బోల్టు వదులు చేసి కొంచెం డీజిల్‌ను గాజు సీసాలోకి పట్టండి. అరగంట కదపకుండా పెట్టండి. నీళ్ళుంటే అడుగున వేరే పొరగా కనిపిస్తాయి, మట్టి ఉంటే పేరుకుంటుంది. నీళ్ళు ఎక్కడినుంచి వచ్చాయి అంటే చాలావరకు మన ఇంటినుంచే. వాన కాలంలో డ్రమ్ము మూత మీద నిలిచిన నీళ్ళు లోపలికి ఇంకుతాయి. సగం ఖాళీ ట్యాంకులోని తేమ గాలి రాత్రి చల్లబడి నీటిచుక్కలవుతుంది. అందుకే పని అయిపోయాక సాయంత్రమే ట్యాంకు నింపాలి. డ్రమ్మును కొంచెం వాలుగా పెట్టి, ఒకరోజు కదపకుండా ఉంచి, పైనుంచే డీజిల్ తీయాలి. అడుగున మిగిలింది దీపానికో, కడగడానికో వాడండి, ట్యాంకులో మాత్రం పోయకండి.

ఫిల్టర్ ఎప్పుడు మార్చారో గుర్తు లేదంటే అది మార్చవలసిన ఫిల్టర్ అన్నమాట. కాగితం ఫిల్టర్‌ను కడిగి మళ్ళీ బిగించే అలవాటు మనలో చాలామందికి ఉంది. కడిగితే కాగితం చిరుగుతుంది, మట్టి నేరుగా పంపులోకి పోతుంది. ఫిల్టర్ ధర మిగుల్చుకోబోయి పంపు ధర కట్టినట్టు అవుతుంది.

మూడోది డబ్బా. ఇది నాకు అన్నింటికన్నా నచ్చిన పరీక్ష. శుభ్రమైన డబ్బాలో మంచి డీజిల్ పోసి, ఇంజన్ కన్నా ఎత్తులో కదలకుండా కట్టండి. ట్యాంకు నుంచి ఫీడ్ పంపుకు వచ్చే పైపును విప్పి, ఆ చోట డబ్బా నుంచి కొత్త పైపు తగిలించండి. ఎయిర్ తీసి నడిపి చూడండి. మిస్ పోయిందా? అయితే తప్పు ట్యాంకులోనో, ట్యాంకు కుళాయిలోనో, ఆ పాత పైపులోనో ఉంది. పంపును ముట్టుకోనక్కరలేదు. ఈ పని చేసేటప్పుడు దగ్గర బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదని వేరే చెప్పాలా!

కనిపించని చిల్లు

పైపు నుంచి డీజిల్ కారితే కంటికి కనిపిస్తుంది. కాని ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య ఉన్న పైపులో పంపు డీజిల్‌ను లాగుతుంది గనుక, అక్కడ వెంట్రుకంత చీలిక ఉన్నా చుక్క బయటికి రాకుండానే గాలి లోపలికి పోవచ్చు. గాలి బుడగ పంపులో చేరితే డీజిల్ బదులు ఆ బుడగే నలుగుతుంది. ఆ దఫా ఆ సిలిండర్ మండదు. ఇంజన్ లేస్తూ పడుతూ ఉంటుంది.

ఇది మా ఇంట్లోనే జరిగింది. పంపు విప్పించాం, కట్టించాం, బిగించాం. బండి ఒక గంట బాగా నడిచి మళ్ళీ మొదటికి వచ్చింది. మళ్ళీ ఎయిర్ తీశాం, మళ్ళీ గంట. చివరికి ఒక ముసలి డ్రైవర్ రబ్బరు పైపును క్లిప్పు దగ్గర వంచి చూపించాడు. క్లిప్పు బిగిసిన చోట రబ్బరు పగిలి ఉంది. జానెడు పైపు మార్చాక ఆ సీజన్‌లో మళ్ళీ ఇబ్బంది పెట్టలేదు. కాని అప్పటికి విత్తనం వారం వెనకబడింది. పంపుకు పెట్టిన పైసలు ఎటూ తిరిగి రాలేదు.

ఆ రోజు నేర్చుకున్న సూత్రం చెబుతాను. ఎయిర్ తీస్తే బాగై, కొంతసేపటికి మళ్ళీ మిస్ కొడుతున్నదంటే గాలి ఎక్కడో దూరుతున్నట్టే. ఎయిర్ తీయడం దానికి మందు కాదు, చిల్లు మూయడమే మందు. పైపులు, క్లిప్పులు, బోల్టుల కింద రాగి వాషర్లు, ఫిల్టర్ బౌల్ రబ్బరు వరుసగా చూడండి.

ఎయిర్ తీసే వరుస కూడా తప్పకూడదు. ట్యాంకు వైపు నుంచి మొదలుపెట్టాలి. మొదటి ఫిల్టర్ మీది బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి, ఫీడ్ పంపు పిడిని చేత్తో కొడుతూ ఉండాలి. నురుగు పోయి నిండు డీజిల్ రాగానే బిగించాలి. తర్వాత రెండో ఫిల్టర్, ఆ తర్వాత పంపు మీది స్క్రూ. చివరికి నాజిళ్ళ పైపు నట్లు వదులు చేసి, సెల్ఫ్ కొట్టి, డీజిల్ రాగానే బిగించాలి.

ఏ సిలిండర్ పడుకుంది?

ఇవన్నీ చూశాక కూడా మిస్ పోకపోతే ఏ సిలిండర్ పని చేయడం లేదో పట్టుకోవాలి. ఇంజన్‌ను ఐడిల్‌లో నడపండి. ఒక్కో నాజిల్ పైపు నట్టును గుడ్డ అడ్డం పెట్టి అర చుట్టు వదులు చేసి, నాలుగైదు క్షణాల్లో మళ్ళీ బిగించండి. మంచి సిలిండర్ నట్టు వదిలితే చప్పుడు మారుతుంది, ఇంజన్ ఇంకా తడబడుతుంది. నట్టు వదిలినా చప్పుడు మారలేదంటే పడుకున్న సిలిండర్ అదే. జాగ్రత్త! ఆ పైపులో డీజిల్ చదరపు సెంటీమీటరుకు 150 కిలోలకు పైగా ఒత్తిడితో వస్తుంది. వేలు అడ్డం పెడితే చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంతే కనిపించినా లోపల కండ కుళ్ళిపోతుంది. అట్లా జరిగితే పసుపు పెట్టి ఊరుకోకుండా వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి. ముఖం దూరంగా పెట్టండి. అలవాటు లేకపోతే ఈ పని మిస్త్రీ చేత మీ ముందర చేయించండి.

పడుకున్న సిలిండర్ దొరికాక దాని నాజిల్‌ను తీసి పక్క సిలిండర్‌కు, పక్కదాన్ని దీనికి మార్చి బిగించమనండి. రాగి వాషర్లు కొత్తవి వేయాలి. ఇప్పుడు మిస్ పక్క సిలిండర్‌కు మారిందా? తప్పు నాజిల్‌ది. టెస్టర్ మీద పెట్టి చూస్తే పొగమంచులా చల్లకుండా ధారగా కారుతుంటుంది. మిస్ పాత సిలిండర్‌లోనే ఉండిపోయిందా? అప్పుడు టప్పెట్ సందు, వాల్వులు, నొక్కుడు చూడాలి. టప్పెట్ సందు ఒక్కో మోడల్‌కు ఒక్కో తీరుగా ఉంటుంది. బండి పుస్తకంలో చెప్పినంతే పెట్టాలి, అందాజుగా బిగించకూడదు.

పంపు గురించి ఒక మాట. ఇన్‌లైన్ పంపులో ఒక్కో సిలిండర్‌కు ఒక్కో ఎలిమెంట్ ఉంటుంది. అందులో ఒకటి చెడిపోయి ఒక సిలిండర్ పడుకునే అవకాశం ఉంది. రోటరీ పంపులో అట్లా కాదు, ఒకే చోట నొక్కిన డీజిల్‌ను అన్ని సిలిండర్లకూ పంచుతుంది. కనుక రోటరీ పంపు ఉన్న బండిలో ఒక్క సిలిండరే మిస్ కొడుతుంటే పంపును అనుమానించడం చివరి పని కావాలి. "మరి మిగతా రెండింటికీ డీజిల్ ఎట్లా పోతున్నది అన్నా?" అని మిస్త్రీని అడగండి. ఆ ఒక్క ప్రశ్న మీ జేబును కాపాడుతుంది.

మన ఊరి దుమ్ము

లీటరు డీజిల్ పూర్తిగా కాలాలంటే ఇంజన్ కనీసం 10 వేల లీటర్ల గాలి పీల్చాలి. ఆ గాలి ఎక్కడిది? తాండూరుది. నాపరాళ్ళ గనులు, పాలిష్ యూనిట్ల దగ్గర ఎండిన తెల్లటి పొడి, సిమెంటు ఫ్యాక్టరీల లారీలు తిరిగే దారులు, వేసవి దుక్కిలో లేచే రేగడి ధూళి. దుక్కులు లేని రోజుల్లో ట్రాలీకి బండలు ఎత్తి నాలుగు పైసలు సంపాదించే ట్రాక్టర్లు మన దగ్గర చాలా ఉన్నాయి. ఆ కిరాయి తప్పు కాదు. కాని ఆ దుమ్ములో రోజంతా తిరిగిన బండికి ఎయిర్ క్లీనర్ చూడకపోవడం తప్పు.

పాత బండ్లలో ఉండేది ఆయిల్ బాత్ క్లీనర్. పొద్దున స్టార్ట్ చేయకముందే కింది గిన్నె విప్పి చూడండి. నూనె బురదలా చిక్కబడితే పారబోసి, గిన్నెను డీజిల్‌తో కడిగి, గీత వరకు కొత్త ఇంజన్ ఆయిల్ పోయండి. బండల పని, ఎండాకాలపు దుక్కి ఉన్నప్పుడు ఇది రోజూ చేయవలసిన పని. గీత దాటి పోయకూడదు. ఎక్కువైన నూనెను ఇంజన్ పీల్చుకుంటే యాక్సిలరేటర్ వదిలినా ఆగకుండా పరుగెత్తే ప్రమాదం ఉంది. క్లీనర్ నుంచి ఇంజన్‌కు పోయే రబ్బరు గొట్టం చిట్లినా, క్లిప్పు వదులైనా, వడకట్టని దుమ్ము నేరుగా సిలిండర్‌లోకి పోతుంది. రింగులను, లైనర్లను ముందుగా తినేది అదే. పాత బండిని చంపేది వయసు అని మనం అంటాం. నన్నడిగితే మన దగ్గర వయసు కన్నా దుమ్మే ఎక్కువ బండ్లను చంపుతున్నది.

పొగ కూడా మాట్లాడుతుంది. నల్ల పొగ వస్తే గాలి చాలడం లేదు, లేదా డీజిల్ ఎక్కువవుతోంది, లేదా బరువు ఎక్కువైంది. తెల్ల పొగ అంటే డీజిల్ మండకుండా బయటికి వస్తోంది. చలిలో పొద్దున కాసేపు వస్తే భయం లేదు. వేడెక్కాక కూడా వస్తూ, రేడియేటర్‌లో నీళ్ళు తగ్గుతూ, బుడగలు లేస్తుంటే హెడ్ గాస్కెట్‌ను అనుమానించాలి. నీలి పొగ అంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. నీలి పొగతోబాటు ఆయిల్ పోసే మూత తీస్తే గుప్పుగుప్పున ఆవిరి కొట్టడం, రోజూ ఆయిల్ తగ్గడం, స్టార్ట్ కావడానికి మొరాయించడం కలిసి ఉంటే రింగుల పని వచ్చినట్టే. అప్పుడు మిస్త్రీ మాట వినవలసిందే. దాన్ని వాయిదా వేస్తే క్రాంక్ దాకా పోతుంది.

మిస్త్రీతో తగాదా వద్దు, మాట కావాలి

నేను మిస్త్రీలను తప్పుపట్టడం లేదు. తొలకరిలో ఒక్కో షెడ్డు ముందు పది బండ్లు నిలబడతాయి. మనం ఏమీ చెప్పకుండా "చూడు" అంటే ఆయన తనకు తోచిన చోట మొదలుపెడతాడు. డాక్టర్ దగ్గరికి పోయి జ్వరం ఎన్నాళ్ళనుంచో చెప్పకపోతే ఎట్లా? మిస్ ఎప్పుడు మొదలైంది, చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకనా, గొర్రు దించినప్పుడా, ఖాళీగానా, పొగ ఏ రంగు, ఫిల్టర్ ఎప్పుడు మార్చాం, ఇవన్నీ చెప్పండి. ఒక్కసారికి ఒక్కటే మార్చమనండి. నాలుగు భాగాలు ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగైందో ఎవరికీ తెలియదు, నాలుగింటి పైసలూ మనమే కట్టాలి. తీసిన పాత సామాను అడిగి తీసుకోండి. పిల్లల నోటుపుస్తకం ఒకటి బండి పెట్టెలో పెట్టి తేదీ, చేసిన పని, అయిన ఖర్చు రాయించండి. రేపు బండి అమ్మేనాడు ఆ పుస్తకమే మీ తరఫున మాట్లాడుతుంది.

ఇంకొక మాట సర్కారుతో. తాండూరులో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. సంతోషం. కాని పప్పుకు పేరు వచ్చినంత మాత్రాన చేను అదునులో దున్నబడదు. విత్తనం గురించి, ఎరువు గురించి చెప్పే రైతు వేదికల్లో ఏటా మే నెలలో ఒక్కరోజు పాత ఇంజన్ల గురించి ఎందుకు చెప్పకూడదు? ఒక నాజిల్ టెస్టర్, చెయ్యి తిరిగిన ఒక మిస్త్రీ, నాలుగు పాత బండ్లు ఉంటే చాలు. తొలకరికి ముందే మండలంలోని నాజిళ్ళన్నీ పరీక్ష చేయించుకోవచ్చు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో వ్యవసాయ యంత్రాల మీద శిక్షణ ఇచ్చే కేంద్ర సంస్థ ఉంది. అంత దూరం ప్రతి రైతూ పోలేడు. మండలానికి ఇద్దరు కుర్రాళ్ళను పంపి నేర్పిస్తే వాళ్ళు వచ్చి మిగతావాళ్ళకు చెబుతారు. సబ్సిడీ మీద కొత్త బండి అందరికీ రాదు. ఉన్న పాత బండిని నడిపించుకునే తెలివి మాత్రం అందరికీ ఇవ్వవచ్చు.

రైతు సోదరులారా! ఈసారి మీ బండి దడదడ కొట్టినప్పుడు పానా అందుకునే ముందు ఒక్క గంట ఓపిక పట్టండి. మూత చూడండి, సీసాలో డీజిల్ చూడండి, పైపు వంచి చూడండి, గిన్నెలో నూనె చూడండి. గంటలో దొరికితే మీ పదును మీకు దక్కుతుంది. దొరకకపోయినా నష్టం లేదు. మిస్త్రీ వచ్చేసరికి ఏం చూశారో, ఏం కాదో చెప్పగలుగుతారు. సగం పని అక్కడే అయినట్టు.